పోడు నేలకు విశ్రాంతి ఎందుకిచ్చారు? మన కొండల మట్టి చెప్పే చరిత్ర



మాలో చాలామందిమి ఆశ్రమ పాఠశాలల్లో చదువుకున్నవాళ్ళమే. అక్కడ ఒక ప్రశ్నకు జవాబు కంఠస్థం చేసేవాళ్ళం. “అడవులు తరిగిపోవడానికి కారణాలు ఏవి?” అన్నది ప్రశ్న. జవాబులో ఒకటో అంశంగానో, రెండో అంశంగానో “పోడు వ్యవసాయం” ఉండేది. అలాగే రాశాం, మార్కులు వచ్చాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ జవాబు తాతకు చెప్పడానికి నోరు రాలేదు. పోడు కొట్టి, సామలు పండించి, మా అమ్మానాన్నలను పెంచినవాడు ఆయన. ఆ జవాబు ప్రకారం ఆయన నేరస్తుడు.

ఆ జవాబును ఇప్పుడు మనమే మళ్ళీ దిద్దుకోవాలన్న ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాం. పోడులో తప్పే లేదని వాదించబోవడం లేదు. మన పెద్దలు నేలతో ఏ ఒప్పందం చేసుకున్నారో, ఆ ఒప్పందం ఎక్కడ తెగిందో, తెగడానికి ఎవరెవరు కారణమో తెలుసుకోవాలి. అది తెలియాలంటే పితూరీల చరిత్ర ఒక్కటే సరిపోదు. మట్టి లోపల ఏం జరుగుతుందో కూడా తెలియాలి.

పోడు లెక్క

తూర్పు కనుమల్లో కొండరెడ్లు, బగతలు, కోదులు, పోర్జలు, సవరలు, కోయలు ఉన్నారు. గోదావరికి ఆవల ఆదిలాబాద్ కొండల్లో కొలాములు ఉన్నారు. భాషలు వేరు, కొలిచే దేవతలు వేరు. పోడు పద్ధతి మాత్రం దాదాపు ఒకటే. ఈశాన్య రాష్ట్రాల్లో దీన్నే ఝూమ్ అంటారు, మధ్య భారతంలో బైగాలు బేవర్ అంటారు.

చలికాలం చివర్లో కొండవాలు మీద పొదలు, చిన్న చెట్లు నరికేవారు. ఇప్ప, మామిడి, చింత, జీలుగు చెట్ల జోలికి పోయేవారు కాదు. నరికిన చెట్లను వేళ్ళతో పెకలించకుండా మోడులుగా వదిలేసేవారు. కొట్టిన కొమ్మలు ఎండాక వేసవిలో కాల్చేవారు. తొలకరి పడగానే గుద్దలితో నేలను పైపైన గీరి విత్తనం వేసేవారు. ఒకే చెక్కలో సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, బొబ్బర్లు, చిక్కుడు, ఆముదం కలిసి పెరిగేవి. రెండు మూడేళ్ళు పండించి ఆ చోటు వదిలేసి మరో వాలుకు వెళ్ళేవారు. మళ్ళీ పాత చోటుకు వచ్చేసరికి పది పన్నెండేళ్ళు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే గడిచేవి.

ఈ లెక్కను గమనించండి. పంట రెండు మూడేళ్ళు, బీడు పదేళ్ళు. మంట కొద్ది రోజులు. బయటి నుంచి వచ్చిన అధికారుల కంటికి ఆనింది ఆ కొద్ది రోజుల మంటే. తర్వాత పదేళ్ళ పాటు అదే వాలు మీద పెరిగిన పచ్చదనం వాళ్ళ కాగితాల్లో “ఖాళీ భూమి” అయింది.

బూడిద ఇచ్చేది, పొగ తీసుకుపోయేది

కాల్చినప్పుడు నేలకు ఏం వస్తుంది, ఏం పోతుంది? బూడిదలో పొటాష్, సున్నం, మెగ్నీషియం, కొంత భాస్వరం ఉంటాయి. మన కొండల ఎర్ర నేలలు చాలాచోట్ల ఆమ్ల నేలలు. వాటిలో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి, పంటకు అందనివ్వవు. బూడిద పడితే ఆమ్లత తగ్గుతుంది, ఆ పట్టు కొంత సడలుతుంది. నత్రజని సంగతి వేరు. కాలిన కొమ్మల్లో, ఆకుల్లో ఉన్న నత్రజనిలో ఎక్కువ భాగం పొగతో పాటే పోతుంది. గంధకం కూడా చాలావరకు అంతే.

మరి ఆ ఏడాది పంటకు నత్రజని ఎక్కడి నుంచి వచ్చింది? బూడిద కింద ఉన్న మట్టిలో నుంచి. మట్టి వేడిని అంత తేలిగ్గా లోపలికి పోనివ్వదు కాబట్టి మంట వేడి పైపొరకే ఎక్కువగా తగులుతుంది. దాని కింద, పదేళ్ళ బీడులో రాలిన ఆకులు, కుళ్ళిన వేళ్ళు కలిసి తయారైన నల్లటి సేంద్రియ పదార్థం మిగిలే ఉంటుంది. వేసవి ఎండకు, మంట వేడికి మట్టిలోని సూక్ష్మజీవుల్లో కొన్ని చస్తాయి. తొలకరి చినుకు పడగానే మిగిలినవి మేల్కొని, చచ్చినవాటి దేహాలను, ఎండిన సేంద్రియ పదార్థాన్ని జోరుగా తింటాయి. ఆ తిండిలో మిగులు నత్రజని మట్టిలోకి విడుదలవుతుంది. ఎండిన నేల తడిసిన వెంటనే వచ్చే ఈ పొంగును తూర్పు ఆఫ్రికా నేలల్లో పరిశోధించిన బర్చ్ అనే శాస్త్రవేత్త 1958లో వివరించారు. శాస్త్రంలో ఆయన పేరే దానికి స్థిరపడింది.

తొలకరి దాటిపోతుంటే మన పెద్దలు ఇంట్లో ఎవరినీ కూర్చోనివ్వకపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆలస్యమైతే ఆ పొంగులో వచ్చిన పోషకం వేరు అందుకునేలోపే వాననీటితో కిందికి దిగిపోతుంది. వాళ్ళకు బర్చ్ పేరు తెలియదు, ఆ పొంగు తెలుసు. తొలివానకు వచ్చే మట్టివాసన కూడా ఆ లోకానిదే. స్ట్రెప్టోమైసిస్ అనే జాతి సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఆ వాసనలో ముఖ్యమైనది. మట్టిలో ప్రాణం ఉందని ముక్కుకు ముందు తెలుస్తుంది.

బీడులో ఎవరు పనిచేస్తారు?

మొక్క ఆకును తినలేదు. ఆకులో నత్రజని మాంసకృత్తుల రూపంలో బంధించి ఉంటుంది. రాలిన ఆకును చెదలు, వానపాములు ముక్కలు చేస్తాయి. బూజులు, బాక్టీరియా ఆ ముక్కలను విడగొడతాయి. అందులోని నత్రజని ముందు అమ్మోనియంగా, తర్వాత వేరే బాక్టీరియా చేతుల్లో నైట్రేట్‌గా మారుతుంది. ముఖ్యంగా ఈ రూపాల్లోకి వచ్చాకే వేరు దాన్ని పీల్చుకోగలదు. పిడికెడు మట్టిలో ఈ పని చేసే జీవాలు కోట్లలో ఉంటాయి.

వాటి తిండికీ ఒక లెక్క ఉంది. ఎండుగడ్డి లాంటి నత్రజని తక్కువ పదార్థమే పెడితే, వాటిని అరిగించుకోవడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనినే లాక్కుంటాయి. పంట కొన్నాళ్ళు పసుపురంగుకు తిరుగుతుంది. పచ్చి ఆకు, పప్పుజాతి ఆకు, పశువుల ఎరువు కలిపితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. రకరకాల చెట్ల ఆకులు ఒకేచోట రాలే అడవి నేల ఈ లెక్కను తనంతట తానే సరిచూసుకుంటుంది.

పోడులో రెండు మూడేళ్ళు పండించాక దిగుబడి ఎందుకు పడిపోయేదో ఇప్పుడు అర్థమవుతుంది. సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తింటూ పోతాయి, కొత్తది అంతగా రాదు. బూడిదలోని పోషకాలు కొన్ని పంటతో, కొన్ని వాననీటితో పోతాయి. కలుపు పెరుగుతుంది. అప్పుడు పెద్దలు ఆ చోటు వదిలేసేవారు. వదిలిన రోజు నుంచి మోడులు చిగురించేవి. వాటి వేళ్ళు అంతకుముందే లోతుగా దిగి ఉన్నాయి కాబట్టి కింది పొరల్లోని పొటాష్‌ను, సున్నాన్ని పైకి తెచ్చి ఆకుగా మార్చేవి. ఆకు రాలి మళ్ళీ పైమట్టిలో చేరేది. పప్పుజాతి చెట్లు, తీగలు గాలిలోని నత్రజనిని దించేవి. చెట్ల వేళ్ళను అల్లుకునే బూజుపోగులు మట్టి రేణువులను కూడగట్టేవి, వేరు చేరలేని సందుల్లోని భాస్వరాన్ని తెచ్చిచ్చేవి. దున్నకుండా గుద్దలితో గీరడం వల్ల ఆ పోగులు పెద్దగా తెగేవి కావు.

“నేల అలసిపోయింది, పడుకోనిద్దాం” అనే మాట పెద్దల నోట విన్నాం. పడుకున్నది పంట మాత్రమే. బీడు ఉన్నన్నాళ్ళూ నేల లోపల పని ఆగలేదు.

ఒకే దశాబ్దంలో రెండు చరిత్రలు

ఇప్పుడు కొన్ని సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. 1881లో చార్లెస్ డార్విన్ వానపాములు నేలను ఎలా తయారుచేస్తాయో వివరిస్తూ పుస్తకం ప్రచురించారు. 1885లో జర్మనీలో ఫ్రాంక్ అనే శాస్త్రవేత్త చెట్ల వేళ్ళకూ బూజులకూ ఉన్న పొత్తుకు మైకోరైజా అని పేరు పెట్టారు. 1886లో హెల్‌రీగల్ పప్పుజాతి మొక్కలు వేరుబుడిపెల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటాయని ప్రకటించారు. 1888లో హాలెండ్‌లో బైయరింక్ ఆ బుడిపెల్లోని బాక్టీరియాను వేరుచేశారు. 1890లో వినోగ్రాడ్‌స్కీ అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే దారిలోని బాక్టీరియాను పట్టుకున్నారు. మట్టి ఒక సజీవ లోకమని యూరప్ శాస్త్రం తెలుసుకున్న దశాబ్దం అది.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన కొండలు రిజర్వు ఫారెస్టులు అవడం మొదలైంది. చట్టం రాసినవారికి అడవి అంటే కలప, ఆదాయం. పోడు అంటే కలపను కాల్చేయడం. బీడులో ఉన్న వాలు వాళ్ళకు ఎవరిదీ కాని భూమి, కాబట్టి సర్కారుది. కంది, బొబ్బర్ల వేరుబుడిపెలు ఏం చేస్తాయో బెర్లిన్‌లో శాస్త్రవేత్తలు చర్చించుకుంటున్న రోజుల్లోనే, కందిని, బొబ్బర్లను సామతో కలిపి చల్లే మనుషులు ఇక్కడ అడవి నేరస్తులయ్యారు.

ఇంకో విచిత్రం ఉంది. భారత వ్యవసాయాన్ని పరిశీలించమని బ్రిటిష్ ప్రభుత్వమే వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్తను పంపింది. 1893లో వచ్చిన ఆయన నివేదిక ఇక్కడి రైతు నేర్పును మెచ్చుకుంది. వంటచెరకు దొరకక రైతులు పశువుల పేడను పొయ్యిలో కాల్చుతున్నారని, అందువల్ల పొలానికి ఎరువు అందడం లేదని చెప్పింది. అడవికీ పొలానికీ ఉన్న లంకెను ప్రభుత్వ నివేదికే అంత స్పష్టంగా చూపించినా, కొండల మీద అడ్డుకట్ట మాత్రం బిగుస్తూనే పోయింది.

పితూరీల్లో మట్టి మాట

1879లో మొదలైన రంప పితూరీకి కల్లుపన్ను, మన్సబుదారు వసూళ్ళు, పోలీసుల, వడ్డీవ్యాపారుల పీడన కారణాలని చదువుకున్నాం. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరగబడినప్పుడు ఘాట్ రోడ్ల వెట్టిచాకిరీతో పాటు పోడు మీద, పశువుల మేత మీద పెట్టిన ఆంక్షలు కూడా ఆ మంటకు కారణమే. నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది కూడా అడవి మీద, సాగుభూమి మీద హక్కు కోసమే. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం ఆదివాసుల స్థితి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ పరిశోధనల వైపు చూసింది. పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల జీవితం మీద, వాళ్ళ పోడు మీద ఆయన రాసిన పుస్తకం 1945లో వచ్చింది.

ఈ పోరాటాలను “భూమి కోసం” అని ఒక్కమాటలో చెప్పుకుంటాం. దానికి ఇంకొక్క మాట చేర్చుకుందాం. మనవాళ్ళు అడిగింది ఆ ఏడు విత్తే చెక్క ఒక్కటే కాదు. పదేళ్ళ తర్వాత తిరిగి రావలసిన వాలు కూడా తమదే అన్నారు. పోడుకు రెండూ కావాలి.

కుంచించుకుపోయిన బీడు

రిజర్వు గీతలు బిగిశాయి. రైల్వేకు, పట్టణాలకు కలప పోయింది, కాగితం మిల్లులకు వెదురు పోయింది. ప్రాజెక్టుల నీటిలో ఊళ్ళు మునిగాయి. మైదానం నుంచి వచ్చినవారు లోయల్లో మంచి భూములు పట్టారు. మన జనాభా కూడా పెరిగింది. తిరగడానికి చోటు తగ్గేకొద్దీ పన్నెండేళ్ళ బీడు ఎనిమిదేళ్ళయింది, తర్వాత ఐదు, చాలాచోట్ల మూడు.

మూడేళ్ళలో వాలు మీద పొద తప్ప చెట్టు లేవదు. ఆకు తక్కువ రాలుతుంది, బూడిదా తక్కువే వస్తుంది. మాటిమాటికీ కాలిన మోడులు చచ్చిపోతాయి. వేళ్ళ పట్టు లేని వాలు మీద పెద్దవాన పడితే పైమట్టి కొట్టుకుపోతుంది. సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది ఆ పై కొద్ది అంగుళాల్లోనే. ఒక్కసారి పోతే మన జీవితకాలంలో అది తిరిగిరాదు.

కాబట్టి ఈ దశలో పోడు నేలను పాడుచేసిందన్న మాట అబద్ధం కాదు. అది మనం ఒప్పుకోవాలి. కొన్నిచోట్ల అమ్మకం పంటల ఆశతో మనమే బీడును తగ్గించుకున్నాం, అదీ ఒప్పుకోవాలి. ఆశ్రమ పాఠశాలలో రాసిన జవాబులో తప్పు ఎక్కడుందంటే, అది రోగం చివరి దశను చూసి పద్ధతి మొత్తానికి ఆ పేరు పెట్టింది.

పట్టా తర్వాత

2006 అటవీ హక్కుల చట్టం మన చరిత్రలో పెద్ద మలుపు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమి మీద, కుటుంబానికి నాలుగు హెక్టార్లు మించకుండా, ఆదివాసులకు హక్కు ఇచ్చింది. ఎన్నో తరాల అవమానానికి అది జవాబు. పట్టా ఉన్నవాళ్ళు దాన్ని కాపాడుకోవాలి, రావలసినవాళ్ళు సాధించుకోవాలి.

అయితే పట్టా ఒక గీత గీస్తుంది. ఇక ప్రతి ఏడూ అదే చెక్కలో పంట. తాతల కాలంలో బీడు చేసిన పనిని ఇప్పుడు ఎవరో ఒకరు చెయ్యాలి, లేకపోతే పట్టా ఉన్నా నేల మిగలదు. మాకు ఆందోళన అంతా ఇక్కడే. పోరాడి తెచ్చుకున్న భూమి మన చేతుల్లోనే చవుడులా మారితే, తర్వాతి తరం దాన్ని కౌలుకిచ్చి పట్నం బస్సెక్కుతుంది.

యూరియా బస్తా ఒక్కటే దీనికి మందు అనుకోకండి. యూరియాలో 46 శాతం నత్రజని ఉంది, పంటకు వెంటనే అందుతుంది. అది విషమని మేము అనడం లేదు. సూక్ష్మజీవులకు కావలసిన కర్బనపు తిండి అందులో లేదు. పైగా ఏళ్ళ తరబడి అదొక్కటే వేస్తే ఆమ్ల నేలలు మరింత ఆమ్లంగా మారతాయి, భాస్వరం మళ్ళీ ఇనుము పట్టులోకి పోతుంది. అలాగే జీవామృతం చల్లితే చాలు అన్నీ వస్తాయనీ అనుకోవద్దు. సూక్ష్మజీవులు గాలి నుంచి నత్రజనిని దించగలవు కానీ లేని భాస్వరాన్ని, పొటాష్‌ను పుట్టించలేవు. పంటతో పోయినదాన్ని ఆకుగా, ఎరువుగా నేలకు తిరిగి ఇవ్వాల్సిందే.

ఇవ్వడానికి దారులు మన దగ్గరే ఉన్నాయి. కోత తర్వాత మోళ్ళు, చెత్త కాల్చకుండా నేల మీదే పరవండి. చోడి, సామల్లో కంది, బొబ్బర్లు, అనుములు, ఉలవలు కలపడం మానకండి. గట్ల మీద గ్లైరిసీడియా లాంటి పచ్చిరొట్ట చెట్లు పెంచి కొమ్మలు కొట్టి చేలో వెయ్యండి. వాలుకు అడ్డంగా రాతికట్టలు కట్టండి. పేడను కుప్పగా ఎండబెట్టకుండా ఆకుతో పొరలు పొరలుగా కుళ్ళబెట్టండి. ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ ఇక్కడి రైతుల, ఆసియా రైతుల అలవాట్ల నుంచే నేర్చుకుని 1931లో కంపోస్టు పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా నేలను ఏడాది పొడవునా పచ్చగా కప్పి ఉంచమనే చెబుతోంది. అరకు, పాడేరు వైపు నీడతోటల కాఫీ కింద ఏటా రాలే ఆకు చూడండి. చెట్టు నిలబడి ఉండగానే బీడు పని జరుగుతోంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ ఒక్కటే కాకుండా పనస, మామిడి, ఇప్ప కూడా ఆ నీడలో ఉంటే నేలకు ఇంకా మేలు.

మీకు రెండు పనులు

మొదటిది. ఈ వానాకాలం బొబ్బర్లు పూతకొచ్చే వేళ ఒక మొక్కను వేళ్ళతో జాగ్రత్తగా తవ్వి తీయండి. వేరుకున్న బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని పని జరుగుతున్నట్టు. 1888లో బైయరింక్ సూక్ష్మదర్శినిలో చూసిన లోకం మీ గోటి కింద ఉంటుంది.

రెండోది. ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. ఏ వాలు ఎన్నేళ్ళు బీడు ఉండేది? మళ్ళీ కొట్టడానికి నేల సిద్ధమైందని దేన్ని చూసి గుర్తుపట్టేవారు, ఏ చెట్టు లేచాక, ఏ గడ్డి పోయాక? ఏ చెట్టు ఆకు మంచి ఎరువు? వాళ్ళు చెప్పిన పేర్లు మన భాషలో ఉన్నవి ఉన్నట్టే రాసుకోండి, ఫోనులో రికార్డు చేయండి. ఆ చరిత్ర ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ లేదు. ఆ పెద్దలు పోతే దాన్ని ఇంకెక్కడా వెతుక్కోలేం.

మీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు బడిలో ఆ ప్రశ్న మళ్ళీ వస్తుంది. అప్పుడు వాళ్ళు ఇలా రాయగలగాలి: “పోడులో నేలకు పంట రెండేళ్ళు, విశ్రాంతి పదేళ్ళు. ఆ విశ్రాంతిలో మట్టి తనను తాను నింపుకునేది. తిరిగే చోటు పోయాక విశ్రాంతి పోయింది. నేల అప్పుడు చెడింది.” ఈ జవాబును వాళ్ళు ఇంటికొచ్చి తాతకు చదివి వినిపించవచ్చు.